ప్రథమ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు

1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించినను హైకోర్టు మద్రాసులోనే ఉండెను. నాడు నెల్లూరు జిల్లాలోనున్న మన పొదిలి వాసులు సైతం అప్పీలుకు అంతదూరం పోవలసివచ్చేది. 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలసి ఆ శ్రమను తగ్గించింది. దానికి ప్రథమ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు.

1902లో రాజమహేంద్రవరంలో జన్మించిన వారు 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా హైకోర్టు హైదరాబాదుకు తరలింది. ప్రధాన న్యాయమూర్తిగా వారే కొనసాగారు. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవిని అలంకరించారు. 1967లో పదవి వీడి, రాష్ట్రపతి ఎన్నికలో డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారి చేతిలో ఓటమి చెందారు. 1976లో పరమపదించారు.

పదవులకంటె వారి తీర్పులే మిన్న. ఖరక్ సింగ్ అను పౌరునిపై పోలీసు నిఘాను గూర్చిన వ్యాజ్యంలో, 1962లో, ఏకాంత జీవనం ప్రాథమిక హక్కు కాదని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు తలచారు. అది వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమేనని సుబ్బారావు గారు విభేదించారు. జస్టిస్ షా ఒక్కరే వారితో ఏకీభవించారు. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభిప్రాయాన్నే ఏకగ్రీవంగా శిరసావహించింది.

సత్యమునకు సంఖ్యాబలం ఆలస్యంగానైనా చేకూరునని విద్యార్థులమైన మనము వారి జీవితమునుండి గ్రహింతుము గాక!