పేరు లేకుండా రాసింది.. దేశమంతా పాడింది

సాయంత్రం ఆరు దాటాక దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి ఒకసారి చుట్టూ చూడండి. జావా, పైథాన్, గ్రూప్స్, బ్యాంక్ పీవో, స్పోకెన్ ఇంగ్లిష్.. ఏ బిల్డింగ్ చూసినా నాలుగైదు బోర్డులు. ఎల్బీ నగర్‌లో నల్లగొండ బస్సో, ఖమ్మం బస్సో దిగి, భుజాన బ్యాగుతో హాస్టల్ వెతుక్కున్నవాళ్లలో మీరూ ఒకరై ఉండొచ్చు. నేనూ అలా దిగినవాణ్నే. ఇంజినీరింగ్ పట్టా ఉంది, కోడింగ్ వచ్చు. కానీ మొదటి ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అనగానే జవాబు తెలుగులో తట్టింది. దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకునేలోపే ప్యానెల్ తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

తెలుగు మీడియంలో చదవడమే నేను చేసిన తప్పని చాలా రోజులు అనుకున్నా. ఆ ఆలోచనను మార్చింది ఒక చిన్న దేశం, ఆ దేశం గుండెల్లో పెట్టుకున్న ఒక కవయిత్రి. దేశం పేరు ఎస్టోనియా. ఆమె లిడియా కోయిదులా.

ముందు ఆ దేశం సంగతి

ఎస్టోనియా ఐరోపాకు ఉత్తరాన, బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది. ఒకపక్క రష్యా, మరోపక్క లాత్వియా, సముద్రం దాటితే ఫిన్లాండ్. జనాభా 13 లక్షల పైచిలుకు. 2011 లెక్కల ప్రకారం మన హైదరాబాద్ నగర జనాభాలో ఇది దాదాపు ఐదో వంతు!

టెక్నాలజీ వార్తలు చదివేవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. స్కైప్ సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజినీర్లు ఇక్కడివాళ్లే. 2005 నుంచీ అక్కడ ఎన్నికల్లో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఓటేయొచ్చు. 2014 చివర్లో ‘ఈ-రెసిడెన్సీ’ తెచ్చారు. అంటే ఏ దేశంలో ఉన్నవారైనా అర్హత ఉంటే డిజిటల్ గుర్తింపు కార్డు తీసుకుని, అక్కడ కంపెనీ పెట్టి ఆన్‌లైన్‌లోనే నడపొచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇది వీసా కాదు, అక్కడ ఉండే హక్కూ కాదు. ఎవరైనా కన్సల్టెన్సీవాళ్లు అలా చెబితే నమ్మొద్దు.

అసలు ఆశ్చర్యం వేరే ఉంది. సంతకం, పన్ను, ఓటు, వైద్యుడి చీటీ.. ఆన్‌లైన్‌లో నడిచే ఈ వ్యవహారమంతా వాళ్ల సొంత భాషలో జరుగుతుంది. కోయిదులా పుట్టిన కాలంలో మాత్రం, అది పొలం పనులకు తప్ప దేనికీ పనికిరాని భాషని పెద్దవాళ్లు తేల్చేశారు.

తండ్రి పత్రిక, కూతురి సర్టిఫికెట్

19వ శతాబ్దంలో ఎస్టోనియా రష్యా సామ్రాజ్యంలో భాగం. కానీ భూములు, చర్చిలు, పట్నాల్లో వ్యాపారాలు ఎక్కువగా జర్మన్ల చేతుల్లో ఉండేవి. ఎస్టోనియన్లు వాళ్ల భూముల్లో తరతరాలుగా కట్టుబానిసలు. దక్షిణాన, లిడియా పుట్టిన ప్రాంతంలో ఆ బానిసత్వం చట్టప్రకారం పోయింది 1819లో. ఆ తర్వాత కూడా కాస్త చదువుకుని పైకొచ్చిన ఎస్టోనియన్ జర్మన్‌లోకి మారిపోవడం మామూలే. పైకి రావడమంటే భాష మార్చడమే అన్నట్టు ఉండేది. ఎక్కడో విన్నట్టు ఉంది కదా?

లిడియా 1843 డిసెంబర్ 24న వాండ్రా అనే ఊళ్లో పుట్టింది. తండ్రి యోహాన్ వోల్డెమార్ యాన్‌సెన్ ఊరి బడిపంతులు. ఆమెకు ఆరేళ్లు దాటాక కుటుంబం పార్ను పట్నానికి మారింది. 1857లో ఆయన అక్కడ ఎస్టోనియన్ భాషలో ఒక వారపత్రిక మొదలుపెట్టారు. మన కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ పెట్టింది 1874లో అని గుర్తుచేసుకుంటే ఆ కాలం ఎలాంటిదో అర్థమవుతుంది. అప్పటిదాకా ‘నేల మనుషులం’ అని చెప్పుకున్న రైతులను ఆ పత్రిక ‘ఎస్టోనియా ప్రజలు’ అని పలకరించింది.

లిడియా మాత్రం చదివింది జర్మన్ బాలికల బడిలో. 1862లో టార్టు విశ్వవిద్యాలయంలో ఇంటి టీచర్ల అర్హత పరీక్ష రాసి పాసైంది. అదే విశ్వవిద్యాలయంలో చేరి చదివే అవకాశం అప్పట్లో ఆడపిల్లలకు లేదు. చేతిలో సర్టిఫికెట్, నోట్లో చక్కటి జర్మన్. ఏదో జర్మన్ దొరగారింట్లో పిల్లలకు పాఠాలు చెబుతూ నిశ్చింతగా బతికేయొచ్చు. ఆమె ఆ దారిలో వెళ్లలేదు. నాన్న పత్రిక పనిలో కూర్చుంది.

అచ్చులో పేరు లేదు

1864 నుంచి యాన్‌సెన్ టార్టులో ‘ఎస్తి పోస్టిమీస్’ పత్రిక నడిపారు. అందులో కథలు, అనువాదాలు, దిద్దుబాట్లు.. చాలా భాగం లిడియా చేతి పనే. కానీ పేరు ఉండేది కాదు. ఆడపిల్ల పత్రికకెక్కడం అప్పటి సమాజానికి మింగుడుపడని విషయం. 1866లో మొదటి కవితా సంపుటి, మరుసటి ఏడాది రెండోది ‘ఎమాయోగి కోయిల’ అనే అర్థమొచ్చే పేరుతో వచ్చాయి. ఎమాయోగి అంటే టార్టు మీదుగా పారే నది. వాటి మీదా కవయిత్రి పేరు లేదు. ‘కోయిదులా’ అన్నది తోటి రచయిత యాకబ్‌సన్ పెట్టిన కలం పేరు. తెల్లవారుజాముకు చెందినది అని దాని అర్థం.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆమె మొదటి సంపుటిలో చాలా కవితలు జర్మన్ నుంచి తెచ్చి మలిచినవే. ఎస్టోనియా జాతీయ కావ్యం ‘కలెవిపోయెగ్’ను కూర్చిన క్రోయిట్స్‌వాల్డ్‌కు ఆమె రాసిన ఉత్తరాలూ జర్మన్‌లోనే ఉన్నాయి. అంటే ఆమె పెద్ద భాషను ద్వేషించలేదు. దాన్ని బాగా నేర్చుకుంది, అందులోంచి పనికొచ్చింది తెచ్చి తన భాషలో పెట్టింది.

1869 జూన్‌లో టార్టులో మొదటి పాటల పండుగ జరిగింది. కట్టుబానిసత్వం పోయి 50 ఏళ్లయిన సందర్భమది. వందల మంది గాయకులు, వేల మంది శ్రోతలు. పాడిన వాటిలో ఎక్కువ జర్మన్ పాటల నుంచి వచ్చినవే. ఎస్టోనియన్ స్వరకర్త కునిలైడ్ కట్టిన పాటలు రెండే రెండు. ఆ రెండింటి మాటలూ కోయిదులావే. విచిత్రం ఏంటంటే, ఆ పండుగలో పాడింది మగవాళ్ల బృందాలే. ఆడవాళ్లకు వేదిక మీద చోటు లేదు. ఆమె మాటలు వేదికెక్కాయి, ఆమె ఎక్కలేదు. మరుసటి ఏడాది టార్టులోనే ఆమె నాటకం ఆడారు. ఎస్టోనియన్ నాటకరంగం పుట్టింది ఆ రోజునే అంటారు.

దూరం

1873లో లాత్వియాకు చెందిన సైనిక వైద్యుడు మిఖెల్సన్‌ను పెళ్లాడి, రష్యా నౌకాదళ కేంద్రం క్రోన్‌స్టాట్‌కు వెళ్లిపోయింది. చుట్టూ వేరే భాష, వేరే మనుషులు. అయినా రాయడం మానలేదు. రొమ్ము క్యాన్సర్‌తో 1886 ఆగస్టులో కన్నుమూసింది. అప్పటికి 42 ఏళ్లు. సమాధి కూడా అక్కడే కట్టారు. ఆమె అవశేషాలు సొంతగడ్డకు, టాలిన్‌కు చేరింది 60 ఏళ్ల తర్వాత, 1946లో.

అప్పటికి ఎస్టోనియా సోవియట్ పాలనలో ఉంది. జాతీయగీతం పాడటం నిషేధం. 1869లో పాడిన కోయిదులా కవితల్లో ఒకదానికి ఎర్నెసాక్స్ అనే స్వరకర్త 1944లో కొత్త బాణీ కట్టారు. పాటల పండుగల్లో జనం దాన్నే జాతీయగీతంలా లేచి నిలబడి పాడేవారు. 1980ల చివర్లో లక్షల మంది మైదానాల్లో చేరి పాటలతోనే స్వాతంత్య్రం అడిగారు. 1991లో అది తిరిగొచ్చింది. తర్వాత వచ్చిన సొంత కరెన్సీలో వంద క్రూన్ల నోటు మీద కోయిదులా బొమ్మ వేశారు. పుస్తకం మీద పేరు వేసుకోలేకపోయిన మనిషి, 2011లో యూరో వచ్చేదాకా అందరి జేబుల్లోనూ ఉంది! పాటల పండుగ ఇప్పటికీ దాదాపు ఐదేళ్లకోసారి టాలిన్‌లో జరుగుతుంది. వేదిక మీద వేలాది మంది పాడతారు. ఇప్పుడు వాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు.

మరి మనకేంటి?

ఇంగ్లిష్ మానేయమని నేను చెప్పను. ఉద్యోగం కావాలంటే అది కావాల్సిందే. కోయిదులా కూడా జర్మన్ మానలేదు. కానీ ఇంగ్లిష్ రావాలంటే తెలుగును వదిలించుకోవాలి అనుకోవడమే మనం చేస్తున్న పొరపాటు.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఫైనలియర్ ప్రాజెక్టు ఏంటో ఊళ్లో ఉన్న అమ్మకో నాన్నకో ఫోన్‌లో తెలుగులో వివరించండి. వాళ్లకు అర్థమైతే, మీకూ అర్థమైనట్టే. తర్వాత అదే ఇంగ్లిష్‌లో రాసుకుని చదవండి. నా మూడో ఇంటర్వ్యూకు ముందు నేను చేసింది ఇదే. ఈసారి జవాబు మధ్యలో ఆగలేదు.

ఇంకొకటి. మీ ఫోన్‌లో ఏదైనా యాప్‌ను తెలుగులోకి మార్చి చూడండి. ఆ బటన్ల మీది మాటలు మీ అమ్మకు అర్థమవుతాయా? చాలాచోట్ల కావు. అక్కడ కోడ్, తెలుగు రెండూ తెలిసినవాళ్లు చేయాల్సిన పని మిగిలే ఉంది. తెలుగు మాట్లాడేవాళ్లు ఎనిమిది కోట్లకు పైనే. పదమూడు లక్షల మంది చేసుకున్న పని మనం చేసుకోలేమా?