ముందు తన ఒంటికే సూది వేసుకున్న హాఫ్కిన్

ఈసారి మన గోడపత్రికలో నేను వాల్డెమార్ హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త జీవితం రాస్తున్నాను. జెన్నర్, పాశ్చర్ పేర్లు మనందరికీ తెలుసు. కలరాకి, ప్లేగుకి టీకా తయారుచేసి మన దేశంలోనే వేసినాయన మాత్రం ఈయన.

హాఫ్కిన్ 1860లో పుట్టారు. ఒడెస్సా అనే ఊళ్ళో చదివారు. అది అప్పుడు రష్యా రాజ్యంలో ఉండేది, ఇప్పుడు యుక్రెయిన్ దేశంలో ఉంది. ఆయనది యూదుల కుటుంబం. ఆ రోజుల్లో అక్కడ యూదులని చాలా తక్కువగా చూసేవాళ్ళు. ఎంత బాగా చదివినా మతం మారితేనే పెద్ద ఉద్యోగం అన్నారు. ఆయన మారలేదు. 1889లో పారిస్ వెళ్ళి పాశ్చర్ గారి సంస్థలో చేరారు. సైంటిస్టుగా కాదు, లైబ్రరీలో చిన్న ఉద్యోగం. పుస్తకాల పని చేసుకుంటూనే ప్రయోగాలు చేసి కలరా టీకా తయారుచేశారు.

ఇక్కడ నాకు చాలా నచ్చిన సంగతి ఉంది. ఆ టీకా మనుషులకి మంచిదో కాదో ఎవరికీ తెలీదు. 1892 జులై 18న ఆయన దాన్ని ముందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు. జ్వరం వచ్చింది, తగ్గింది. ఆ తర్వాతే వేరేవాళ్ళకి వేశారు.

1893లో మన దేశం వచ్చారు. 1894లో కలకత్తాలో కట్టల్ బగాన్ అనే పేదల బస్తీలో కలరా వచ్చింది. సూది చూసి జనం భయపడ్డారు, రాళ్ళు కూడా వేశారంట. అప్పుడు హాఫ్కిన్ కోప్పడలేదు, పోలీసుల్ని పిలవలేదు. అందరూ చూస్తుండగా చొక్కా పైకెత్తి తనకే సూది వేయించుకున్నారు. అది చూసి అక్కడున్న సుమారు 200 మందిలో 116 మంది ముందుకొచ్చారు. తర్వాత ఆ బస్తీలో కలరాతో చనిపోయినవాళ్ళంతా టీకా వేయించుకోనివాళ్ళే.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. హాఫ్కిన్ ఒక వైద్య కళాశాలలో చిన్న గది తీసుకుని, కొద్దిమంది మనుషులతో రాత్రింబవళ్ళు పనిచేసి టీకా చేశారు. 1897 జనవరి 10న మళ్ళీ ముందు తనకే వేసుకున్నారు. తర్వాత బైకుల్లా జైల్లో ఒప్పుకున్న ఖైదీలకి వేశారు. వాళ్ళకి మేలు జరిగింది. అయితే ఇక్కడ నాకొక ప్రశ్న వచ్చింది. జైల్లో ఉన్న మనిషి నిజంగా వద్దు అని చెప్పగలడా?

1902లో పెద్ద కష్టం వచ్చింది. పంజాబులో ముల్కోవాల్ అనే ఊళ్ళో 107 మందికి ప్లేగు టీకా వేస్తే, ఒకే సీసాలోంచి వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. ఆ సీసా మూత తీసిన పనిముట్టు నేలమీద పడిందని, దాన్ని సరిగా శుభ్రం చేయలేదని తర్వాత తెలిసింది. కానీ నింద హాఫ్కిన్ మీద పడింది, ఉద్యోగం పోయింది. దోమల వల్ల మలేరియా వస్తుందని సికింద్రాబాదులో కనిపెట్టిన రొనాల్డ్ రాస్ లాంటి శాస్త్రవేత్తలు 1907లో ఆయన తరఫున నిలబడ్డారు. అప్పుడు నింద పోయింది. ఆయన మళ్ళీ మన దేశం వచ్చి పనిచేశారు. 1925లో బొంబాయిలోని ప్రయోగశాలకి హాఫ్కిన్ సంస్థ అని పేరు పెట్టారు. 1930లో స్విట్జర్లాండులో చనిపోయారు.

ఇప్పుడు సూది, సీసా లేని టీకా వస్తోంది. చిన్న పట్టీ లాంటిది, ప్యాచ్ అంటారు. దాని మీద కంటికి సరిగా ఆనని చిన్న చిన్న మొనలు ఉంటాయి. మణికట్టు మీద కొద్ది నిమిషాలు నొక్కి ఉంచితే మందు చర్మంలోకి కరిగిపోతుంది. ఆఫ్రికాలో గాంబియా అనే చిన్న దేశంలో 2021, 2022లలో తట్టు, రుబెల్లా టీకాని ఇలా పరీక్షించారు. ముందు 45 మంది పెద్దవాళ్ళకి, తర్వాత 120 మంది ఏడాది దాటిన పిల్లలకి, ఆ తర్వాత 120 మంది తొమ్మిది నెలల పిల్లలకి. ఏ ప్రమాదమూ కనిపించలేదు. ఒక్క ప్యాచ్‌తోనే తొమ్మిది నెలల పిల్లల్లో నూటికి 90 మందికి పైగా తట్టు నుంచి రక్షణ వచ్చింది. ఇంకా పెద్ద పరీక్షలు జరగాలి. ఇది వస్తే మా తండా లాంటి ఊళ్ళకి మేలే. మిరప కోతలకి వెళ్ళినప్పుడు టీకా రోజు తప్పిపోతుంది. సూది అంటే పిల్లలు గడ్డివాము వెనక దాక్కుంటారు.

కానీ కొత్తది ఏదైనా ముందు పేదవాళ్ళ దగ్గరే పరీక్షిస్తే, వాళ్ళకి చెప్పాలి కదా. మన జగ్గయ్యపేటకి పక్కనే ఉన్న ఖమ్మం జిల్లాలో 2009లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్.పి.వి. టీకా వేశారు. అది ఆడవాళ్ళకి వచ్చే ఒక క్యాన్సర్‌ని ఆపే టీకా. వాళ్ళలో మనలాంటి గిరిజన హాస్టల్ పిల్లలు చాలామంది. కొందరు అమ్మాయిలు చనిపోతే 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. కానీ ఒప్పుదల కాగితాలు 9,543 చూస్తే 2,763 మీద వార్డెన్లు, హెడ్‌మాస్టర్ల సంతకాలు ఉన్నాయి. 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2013లో పార్లమెంటు కమిటీ కూడా దీన్ని తప్పు పట్టింది.

ఇది చదివితే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మేం అమ్మని యాడి అంటాం. యాడి కూడా వేలిముద్రే వేస్తుంది. ఆమెకి చదువు రాదు గానీ తెలివి ఉంది. విషయం మన భాషలో చెబితే వేయించాలో వద్దో ఆమె చెప్పగలదు. హాస్టల్లో వార్డెన్ మేడమ్ మనల్ని అమ్మలా చూసుకుంటారు. అయినా ఇలాంటి సంతకం అమ్మదే.

హాఫ్కిన్ గారి నుంచి నేర్చుకోవలసినవి:

1. టీకా అంటే భయపడి పారిపోకూడదు. టీకా ప్రాణం కాపాడుతుంది.
2. భయపడినవాళ్ళని తిట్టకూడదు. చూపించి, చెప్పి ఒప్పించాలి.
3. ఒకే ఒక్క పనిముట్టు శుభ్రంగా లేకపోయినా 19 ప్రాణాలు పోతాయి.
4. మన దగ్గరికి కొత్త మందు వస్తే మూడు ప్రశ్నలు అడగాలి. ఇది దేనికి? ముందు ఎవరికి వేశారు? వద్దంటే ఏమవుతుంది?

వార్డెన్ మేడమ్ గారికి నా మనవి. ఈసారి టీకా కాగితం వస్తే, తల్లిదండ్రులు వచ్చే రోజున దాన్ని గట్టిగా చదివించండి. తెలుగు రాని తల్లులకి మా భాషలో నేను చెబుతాను.

— 9వ తరగతి విద్యార్థిని