చంపారణ్యమున పుట్టిన తెలుగుబిడ్డ

మన రాయపూరు తెలుగువారిలో చంపారణ్యము చూడనివారు అరుదు. సెలవునాడు పిల్లలతో పోయి, దర్శనము చేసికొని, రాజిం మీదుగా సాయంకాలమునకు ఇల్లు చేరుదుము. కాని అచట జన్మించిన శ్రీ వల్లభాచార్యులు తెలుగు దంపతుల బిడ్డ యని యెరిగి మ్రొక్కువారు కొలదిమంది. ఈ వ్యాసకర్తయు చాలకాలము ఎరుగడు.

తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మ. ఆంధ్రదేశమున కాంకరవాడు వారి పూర్వుల గ్రామము. కాశిలో నుండగా దండయాత్ర భయము పుట్టి, గర్భవతియైన భార్యతో భట్టుగారు దక్షిణమునకు బయలుదేరిరి. 1479వ సంవత్సరమున ఈ అడవిలో నెలలు నిండకయే ప్రసవమైనది. బిడ్డలో చలనము కానరాలేదు. గుడ్డలో చుట్టి జమ్మిచెట్టు క్రింద విడిచి వారు ముందుకు సాగిరట. మరల వచ్చి చూడగా అగ్నివలయము నడుమ శిశువు ఆడుకొనుచుండెనని సంప్రదాయము. అగ్నివలయమును నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. బిడ్డను అడవిలో వదలి నడిచిన ఆ తల్లి దుఃఖము గ్రహించుటకు మాత్రము ఏ మహిమయు అక్కరలేదు.

చదువు కాశిలో సాగెను, తండ్రి చిన్ననాటనే గతించెను. పిమ్మట వల్లభులు పాదచారియై మూడుమార్లు భారతదేశము చుట్టిరి. విజయనగరాస్థానమున వాదమున గెలిచి కనకాభిషేకము పొందిరని వారి సంప్రదాయము చెప్పును. జగత్తు మిథ్య కాదు, బ్రహ్మమే ఈ రూపమున నున్నది. భగవదనుగ్రహమే జీవునకు పుష్టి. ఇంటిలో నుండియే సేవచేసి తరింపవచ్చును: ఇది వారి శుద్ధాద్వైత సారము. అందుకు తగినట్లు తామును గృహస్థులై ప్రయాగ చెంత అడేలున కాపురముండిరి. గోపీనాథుడు, విఠలనాథుడు కుమారులు. అణుభాష్యము, సుబోధిని సంస్కృతమున వ్రాసిరి. శిష్యులైన సూరదాసు, కుంభనదాసు వ్రజభాషలో పాడిరి. తెలుగున వారి రచన యేదియు ప్రసిద్ధిలో లేదు. 1531లో కాశియందు గంగాప్రవేశము చేసిరి. వారు గోవర్ధనగిరిపై సేవించిన శ్రీనాథమూర్తి 1672లో మేవాడు చేరెను. అదియే నేటి నాథద్వారము.

మొన్నటి జయంతికి (మన లెక్కకు చైత్ర బహుళ ఏకాదశి, ఇచటివారికి వైశాఖ ఏకాదశి) మేము చంపారణ్యము పోయితిమి. గుజరాతీ వృద్ధురాలొకతె మనుమరాలికి ఆచార్యుల కథ చెప్పుచు, తల్లిపేరు ఇల్లమ్మాగారూ అని పలికినది. పుష్టిమార్గ గ్రంథములలోను అట్లే యుండును. అయిదువందల యేండ్లుగా మన గౌరవవాచకము పేరులో కలిసిపోయి, అర్థము తెలియని నోళ్ళలో భద్రముగా నున్నది. మావాడు ఇంట హిందీయే మాట్లాడును. ఆ మాట చెవినిపడగానే తలయెత్తి నావైపు చూచినాడు.