లేని యంత్రానికి లెక్క రాసిన అడా లవ్‌లేస్

కంప్యూటర్ అనగానే మనకి తెర, మీటలు, కరెంటు గుర్తుకొస్తాయి. ఇవేవీ లేని కాలంలో, అసలు యంత్రమే తయారుకాని రోజుల్లో, దానిచేత లెక్క ఎలా చేయించాలో వరసగా రాసి అచ్చువేయించిన స్త్రీ ఒకామె వుంది. ఆమే అడా లవ్‌లేస్. చరిత్ర ప్రాజెక్టు కోసం ఆమె గురించి చదువుతూంటే, ఆమెకి వచ్చిన పేరు ఒకటి, ఆమె చేసిన అసలు పని మరొకటి అనిపించింది. ఆ సంగతే ఇక్కడ చెప్పదలిచాను.

అడా 1815 డిసెంబరు 10న లండన్‌లో పుట్టింది. తండ్రి ఇంగ్లీషు కవి లార్డ్ బైరన్. పిల్లకి నెల నిండేసరికి తల్లి ఆమెని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. బైరన్ 1816లో దేశం విడిచి, 1824లో గ్రీసులో చనిపోయాడు. కూతురు తండ్రిని ఎరగదు. తండ్రి ఆవేశం పిల్లకి రాకూడదని తల్లి చిన్నప్పట్నించీ లెక్కలు చెప్పించింది. కవిత్వానికి విరుగుడు గణితమన్నమాట! 1829లో తట్టు పోసి చాలాకాలం మంచాన పడ్డా, చదువు మానలేదు.

1833లో, పదిహేడేళ్ళ వయసులో, చార్లెస్ బాబేజ్‌తో పరిచయమైంది. పళ్ళచక్రాలతో లెక్కలు చేసే యంత్రం నమూనా ఆయన ఇంట్లో చూసి ఆమె ముచ్చటపడింది. 1835లో పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు కలిగారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆడవాళ్ళకి యూనివర్సిటీ చదువు లేదు. అందుకని 1840 నుంచి అగస్టస్ డిమోర్గాన్ దగ్గర ఎక్కువగా ఉత్తరాల ద్వారానే గణితం నేర్చుకుంది. మనం చదివే డిమోర్గాన్ సూత్రాలు ఈయనవే. 1806లో ఆయన పుట్టింది మన మదురైలో. అంతటి పండితుడు కూడా ఆమె శక్తిని గుర్తిస్తూనే, ఇంత గణితం ఆడవాళ్ళ ఒంటికి తట్టుకోలేని శ్రమ అని 1844లో ఆమె తల్లికి రాశాడు.

బాబేజ్ తలపెట్టిన రెండో యంత్రం పేరు అనలిటికల్ ఇంజన్. అందులో అంకెలు దాచే చోటు స్టోరు, లెక్క చేసే చోటు మిల్లు. గాదెలోంచి ధాన్యం తీసి మిల్లు ఆడించి, మళ్ళీ ఇంటికి తెచ్చి దాచుకోవటం లాంటిదే. ఏ పని తర్వాత ఏ పని చెయ్యాలో చిల్లులు పొడిచిన అట్టలు చెప్తాయి. ధర్మవరం చీరకి డిజైను ఎక్కించే జకార్డు మగ్గం అట్టలు చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. బాబేజ్ ఆ ఆలోచన అలాంటి మగ్గం నుంచే తీసుకున్నాడు.

ఈ యంత్రం మీద ఇటలీ ఇంజనీరు మెనబ్రియా 1842లో ఫ్రెంచిలో వ్యాసం రాశాడు. అడా దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, సొంతంగా ఏడు వివరణలు చేర్చింది. అవి అసలు వ్యాసానికి దాదాపు మూడింతలయ్యాయి. చివరి దాంట్లో బెర్నౌలీ సంఖ్యలు కట్టే పద్ధతిని 25 మెట్లుగా పట్టిక వేసింది. కొన్ని మెట్లు మళ్ళీ మళ్ళీ తిరగాలి. ఇవాళ మనం లూపు అనేది అదే. దీనికి కావలసిన బీజగణితం బాబేజ్ చేసిపెడితే, అందులో పెద్ద తప్పొకటి ఆమె పట్టుకుంది. ఆ మాట తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

ఆమెని మొదటి ప్రోగ్రామర్ అంటారు. అయితే 1836-40 మధ్యే బాబేజ్ తన కాగితాల్లో అలాంటివి కొన్ని రాసుకున్నాడు. కనుక ఆ కిరీటం మీద తగాదా వుంది. తగాదా లేనిది ఇంకోటి వుంది. బాబేజ్ తన యంత్రంలో ముఖ్యంగా అంకెలనే చూశాడు. గుర్తులుగా మార్చగలిగితే సంగీతం మీద కూడా అది పనిచేస్తుందని రాసింది అడా. ఇవాళ్టి కంప్యూటర్ చేస్తున్నది అదే కదా! యంత్రం తనంతట తాను ఏదీ పుట్టించదని కూడా ఆమె హెచ్చరించింది. ఆ మాటకి 1950లో అలన్ ట్యూరింగ్ తన వ్యాసంలో జవాబు చెప్పవలసివచ్చింది.

ఆమె దేవతేం కాదు. గుర్రప్పందాల్లో బోలెడు డబ్బు పోగొట్టుకుంది, అత్తింటి వజ్రాలు తాకట్టు పెట్టింది. 1852 నవంబరు 27న క్యాన్సర్‌తో 36 ఏళ్ళకే పోయింది. తండ్రి పోయిందీ ఆ వయసులోనే. కోరుకున్నట్టే ఆయన పక్కనే సమాధి చేశారు. ఇంజను పూర్తిగా తయారుకానే లేదు. తాత నాటిన మామిడి మనవలకి కాసినట్టు, 1953లో ఆమె వివరణలు మళ్ళీ అచ్చయ్యాక లోకం గుర్తించింది. 1979లో అమెరికా రక్షణశాఖ వారి ప్రోగ్రామింగ్ భాషకి అడా అని పేరు పెట్టారు.

1843లో ఆ వివరణల కింద మాత్రం ఆమె నిండు పేరు లేదు, ఏ.ఏ.ఎల్. అనే పొడి అక్షరాలే వున్నాయి. మా ఇంట్లో కౌలు లెక్క, కూలీల లెక్క, ఎరువుల అప్పు, అన్నీ మా అమ్మ నోటితోనే వేస్తుంది. నాన్న ఆమెని అడక్కుండా బస్తా అమ్మడు. పట్టాదారు పాసుపుస్తకంలో ఆమెవి పొడి అక్షరాలైనా లేవు. లెక్క చేసినవాళ్ళ పేరు లెక్క కింద వుండాలని అడా జీవితం చదివాక నాకు గట్టిగా అనిపిస్తోంది.