బస్తర్ అడవుల నుంచి ఈశాన్య సరిహద్దుకు: వెరియర్ ఎల్విన్ జీవన ప్రస్థానం

గిరిజన ప్రాంతాలలో సాయుధ బలగాలు, పోలీసు, పాలనా యంత్రాంగం అడుగుపెట్టేటప్పుడు అక్కడి ప్రజల గురించి తెలిసిన పరిశోధకుడి మాటకు ఎంత విలువ ఉంటుందో చాటిచెప్పిన వారిలో వెరియర్ ఎల్విన్ ముఖ్యుడు. ఆయన సైనికుడు కాడు. క్షేత్ర పరిశోధనే ఆయనకు ఆయుధం. ఆ పరిశోధనకు పదును పెట్టిన నేలల్లో బస్తర్ ప్రధానమైనది.

1902 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని డోవర్‌లో ఎల్విన్ జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో విద్యాభ్యాసం ముగించుకొని 1927లో క్రైస్తవ సేవకుడిగా భారతదేశానికి వచ్చారు. గాంధీజీ ప్రభావంతో స్వాతంత్య్ర ఉద్యమం వైపు మొగ్గారు. 1932లో మిత్రుడు శ్యామ్‌రావ్ హివాలేతో కలిసి మధ్య భారతంలోని మండ్లా ప్రాంతంలో గోండుల మధ్య స్థిరపడ్డారు. కాలక్రమంలో చర్చికి దూరమై మానవశాస్త్రానికి అంకితమయ్యారు. బైగా తెగపై ఆయన రచించిన గ్రంథం 1939లో వెలువడింది.

1940లో ఆయన బస్తర్ సంస్థానానికి చేరారు. అటవీ హక్కులపై ఆంక్షలు, బెట్టిచాకిరీ తదితర కారణాలతో 1910లో అక్కడ భూమ్‌కాల్ తిరుగుబాటు చెలరేగింది. బ్రిటిష్ సేనలు దానిని అణచివేశాయి. ఆ తరువాత మూడు దశాబ్దాలకు గౌరవ మానవశాస్త్రవేత్తగా, జనగణన అధికారిగా సంస్థానంలో నియమితులైన ఎల్విన్ గ్రామగ్రామాన తిరిగి అక్కడి జీవనాన్ని నమోదు చేశారు. మారియా తెగలో హత్యలు అధికంగా జరుగుతున్నాయన్న ప్రశ్నకు సమాధానం వెతుకుతూ 100 హత్య కేసుల రికార్డులను పరిశీలించారు. ఆస్తి తగాదాలు, కుటుంబ కలహాలు, చేతబడి అనుమానాలు, మద్యం వంటి కారణాలను ఒక్కొక్కటిగా విడదీసి చూపారు. నేరాన్ని తెగ స్వభావంగా భావించే అధికారుల ధోరణికి ఆ గ్రంథం సమాధానమైంది. 1943లో అది ప్రచురితమైంది. మురియాల ఘోటుల్ వ్యవస్థపై ఆయన బృహద్గ్రంథం 1947లో వెలువడింది. తెలుగువారికి పరిచయమైన సవర తెగ మత విశ్వాసాలపైనా, ఒడిశాలోని బోండోలపైనా ఆయన ప్రత్యేక గ్రంథాలు రచించారు.

విమర్శలూ ఆయనను వెన్నాడాయి. గిరిజనులను మిగిలిన సమాజానికి దూరంగా ఉంచాలని చూస్తున్నారని జి.ఎస్. ఘుర్యే వంటి సామాజిక శాస్త్రవేత్తలు ఆక్షేపించారు. 1940లో కోసీ అనే గోండు యువతిని వివాహమాడిన ఎల్విన్ 1949లో విడాకులు తీసుకోవడం ఆయన జీవితంలో వివాదాస్పద ఘట్టంగా మిగిలింది.

1953లో నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని అచింగ్‌మోరి వద్ద తాగిన్ తెగవారు అసోం రైఫిల్స్ జవాన్లతో కూడిన బృందంపై దాడి చేసి 40 మందికి పైగా హతమార్చారు. గ్రామాలపై ప్రతీకార దాడులకు దిగకుండా బాధ్యులను పట్టుకొని న్యాయ విచారణ జరిపించే మార్గాన్ని నెహ్రూ ప్రభుత్వం ఎంచుకుంది. ఆ మరుసటి సంవత్సరమే భారత పౌరసత్వం పొందిన ఎల్విన్, నేఫాగా పిలిచిన ఆ సరిహద్దు ప్రాంత పరిపాలనకు గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమితులయ్యారు.

బస్తర్‌లో అలవడిన పద్ధతినే ఆయన అక్కడా అనుసరించారు. కాలినడకన కొండలెక్కి, ఆయా తెగల భాషలు, ఆచారాలు, భూమి కట్టుబాట్లను నమోదు చేయించారు. అధికారులు ప్రజల ముందు అణకువతో మెలగాలని, బయటి పద్ధతులను బలవంతంగా రుద్దరాదని సూచించారు. ఆ ఆలోచనల సారమైన నేఫా తత్వ గ్రంథం 1957లో వెలువడింది. దాని రెండవ ముద్రణకు నెహ్రూ రాసిన పీఠికలోని అయిదు సూత్రాలు గిరిజన పంచశీలగా ప్రసిద్ధి చెందాయి.

1962లో చైనా సేనలు నేఫాలోకి చొచ్చుకొచ్చినప్పుడు, ఆ ప్రాంతాన్ని వేరుగా ఉంచిన విధానమే రక్షణను బలహీనపరిచిందన్న ఆరోపణలు ఎల్విన్‌పై వచ్చాయి. సరిహద్దు భద్రత, స్థానికుల విశ్వాసం మధ్య సమతుల్యం ఎలా ఉండాలన్న ఆ చర్చ నేటికీ ముగియలేదు.

1961లో పద్మభూషణ్ అందుకున్న ఎల్విన్ 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో కన్నుమూశారు. ఆయన ఆత్మకథకు మరణానంతరం సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. బలప్రయోగానికి ముందు ప్రజలను అర్థం చేసుకోవాలన్న పాఠాన్ని పాలకుల ముందుంచిన పరిశోధకుడిగా ఆయన చరిత్రలో నిలిచారు.