సత్యాన్ని తూచిన శాస్త్రవేత్త – లేవోయిజర్

ఖమ్మం నుండి భద్రాచలం వైపు సాగే అటవీ సరిహద్దు పల్లెలలో బోరునీటిని కాచే గిన్నె అడుగున తెల్లని పొర పేరుకొనడం గృహిణులకు పరిచితమైన విషయమే. వేడి పెనంపై చిందిన నీటిబొట్టు క్షణాలలో ఆవిరైపోతుంది. అది నిలిచిన చోట వలయాకారంలో ఒక మచ్చ మిగులుతుంది. బొట్టు అంచు త్వరగా ఆరుతుంది. ఆ లోటును పూరించడానికి నడుమనున్న నీరు అంచుకు ప్రవహిస్తూ, తనలో కరిగిన లవణాలను వెంట తీసుకొనిపోతుంది. నీరు గాలిలో కలుస్తుంది. లవణాలు స్ఫటికాలై అంచున నిలిచిపోతాయి. అయితే ఆ మచ్చ ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్నకు రెండున్నర శతాబ్దాల క్రితం ఐరోపా పండితులలో పలువురు వేరొక సమాధానం చెప్పేవారు.

మన పూర్వులు పంచభూతాలను పేర్కొన్నట్లే గ్రీకు తాత్త్వికులు పృథివి, జలం, తేజస్సు, వాయువు అనే నాలుగు మూలభూతాలను పేర్కొన్నారు. నీరు మట్టిగా మారగలదన్న విశ్వాసం అక్కడ చిరకాలం నిలిచింది. 1756లో జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ ఎర్రగా కాలిన ఇనుప గరిటెలో నీటిచుక్కను వేసి, అది వెంటనే హరించిపోక గుండ్రంగా నిలిచి కదలాడడం గమనించాడు. చుక్క అంతరించిన పిదప మిగిలిన లేశమాత్రపు పదార్థాన్ని చూసి, అగ్ని ప్రభావం చేత నీరే మట్టిగా మారిందని భావించాడు. ఇటువంటి విశ్వాసాన్ని త్రాసులో పెట్టి తూచినవాడు ఆంటోని లేవోయిజర్.

లేవోయిజర్ 1743 ఆగస్టు 26న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. బాల్యంలోనే తల్లిని కోల్పోయాడు. తండ్రి అభీష్టం మేరకు న్యాయశాస్త్రం చదివి 1764లో పట్టా పొందినా, ఆయన మనసు ప్రకృతి శాస్త్రాలపైనే లగ్నమైంది. 1765లో జిప్సంపై తన తొలి పరిశోధన పత్రాన్ని సమర్పించాడు. జిప్సంను కాల్చినప్పుడు అందులోని నీరు వెలువడుతుందనీ, ఆ పొడికి తిరిగి నీరు చేరినప్పుడు అది స్ఫటికాలుగా గట్టిపడుతుందనీ నిరూపించాడు. 1768లో, ఇరవై నాలుగేళ్ల ప్రాయంలో, ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తులో సభ్యుడయ్యాడు.

అదే ఏడాది అక్టోబరులో ఆయన ఒక సుదీర్ఘ ప్రయోగానికి పూనుకున్నాడు. పలుమార్లు బట్టీపట్టి శుద్ధి చేసిన వర్షపు నీటిని గాజుపాత్రలో పోసి, మూతిని గట్టిగా బిగించి, 101 రోజులు సన్నని సెగపై కాచాడు. లోపల పుట్టిన ఆవిరి చల్లబడి మరల నీరై అదే పాత్రలోకి చేరుతుంది. కొన్ని వారాలకు నీటిలో సన్నని రేణువులు కనిపించాయి. సామాన్యుడైతే నీరు మట్టి అయిందని అక్కడితో తృప్తిపడేవాడు. లేవోయిజర్ మాత్రం పాత్రను తూచాడు. మూత తీయకముందు మొత్తం బరువులో మార్పు లేదు. నీటిని వంపి, ఖాళీ పాత్రను తూచగా దాని బరువు గ్రాముకు కొంచెం తక్కువగా తగ్గింది. రేణువులను, నీటిని ఇగిర్చిన పిదప మిగిలిన పదార్థాన్ని కలిపి తూచగా వాటి బరువు ఇంచుమించు అంతే ఉన్నది. మట్టి నీటి నుండి పుట్టలేదు. గాజు నుండి కరిగి వచ్చింది! సృష్టిలో పదార్థం రూపం మార్చుకొంటుందే తప్ప నశించదన్న ద్రవ్య నిత్యత్వ నియమానికి ఇటువంటి తూనికలే పునాది అయ్యాయి.

ఈ జ్ఞానం నేటికీ ఉపయోగకరమే. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రం వంటి చోట్ల బాయిలరులోకి పంపే నీటి నుండి లవణాలను ముందే తొలగిస్తారు. లేనిచో అవి వేడిగొట్టాల లోపల పెంకుగా పేరుకొని ఉష్ణప్రసారాన్ని అడ్డగిస్తాయి. గొట్టాలు మితిమీరి వేడెక్కి పగిలే ప్రమాదం కలుగుతుంది.

1771లో మేరీ పాల్జ్‌ను లేవోయిజర్ వివాహమాడాడు. ఆమె ఆంగ్లం నేర్చి శాస్త్రగ్రంథాలను అనువదించింది. భర్త గ్రంథానికి పటాలు చిత్రించింది. 1775లో ఆయన ప్రభుత్వ మందుగుండు శాఖ నిర్వాహకులలో ఒకడై, సురేకారం ఉత్పత్తిని మెరుగుపరచాడు. 1783లో నీరు మూలపదార్థం కాదని, రెండు వాయువుల సంయోగమని ప్రకటించాడు. 1789లో వెలువడిన ఆయన రసాయనశాస్త్ర గ్రంథంలో 33 మూలకాల పట్టిక ఉన్నది.

అయితే ఈ మహనీయుని జీవితంలో మరొక పార్శ్వం ఉన్నది. 1768లోనే ఆయన రాజు తరఫున ఉప్పు, పొగాకు వంటి వస్తువులపై పన్నులు వసూలు చేసే సంస్థలో వాటా కొన్నాడు. ఆ రాబడితోనే ఖరీదైన త్రాసులు సమకూర్చుకున్నాడు. 1930లో మన దేశ ప్రజలు ఉప్పు పన్నును ధిక్కరించారు. ఫ్రెంచి ప్రజలు కూడా ఆ పన్నును అంతగానూ ద్వేషించారు. విప్లవం చెలరేగిన పిమ్మట, 1793 నవంబరులో లేవోయిజర్ నిర్బంధితుడయ్యాడు. 1794 మే 8న సహచర పన్ను గుత్తేదారులతో పాటు, మామగారితో పాటు ఆయనకు శిరచ్ఛేదం జరిగింది. అప్పటికి ఆయన వయస్సు యాభై ఏళ్లు.

ప్రజలను పీడించిన వ్యవస్థలో ఆయన భాగస్వామి. ఆ వ్యవస్థ ఇచ్చిన ధనంతోనే మానవాళికి వెలుగునిచ్చాడు. ఈ రెండూ సత్యాలే. భర్త మరణానంతరం మేరీ ఆయన చివరి పత్రాలను సేకరించి ప్రచురించింది. కంటికి కనిపించినదానిని నమ్మే ముందు ఒకసారి తూచి చూడాలన్న వివేకం ఆ పత్రాల ద్వారా, ఆయన గ్రంథాల ద్వారా తరువాతి తరాలకు సంక్రమించింది.