పానగల్లు రాజా

చెన్నై త్యాగరాయనగర్‌లో పానగల్ పార్కు ఉంది. ఆ పేరు గల మహనీయుడు మన తెలుగువారే. ఆయన అసలు పేరు పానగంటి రామారాయణింగారు.

ఆయన 1866 జూలై 9న శ్రీకాళహస్తిలో జన్మించారు. మద్రాసులోని తిరువల్లిక్కేణిలో ఉన్నత పాఠశాల చదువు ముగించి, ప్రెసిడెన్సీ కళాశాలలో సంస్కృతం అభ్యసించారు. 1893లో పట్టభద్రులయ్యారు. తరువాత న్యాయశాస్త్రం కూడ చదివారు. జమీందారీ కుటుంబంలో పుట్టినా ప్రజాసేవను ఎన్నుకొని జస్టిస్ పార్టీ నాయకులలో ఒకరయ్యారు.

1919 చట్టం రాష్ట్రాలలో ద్వంద్వ ప్రభుత్వాన్ని ఏర్పరచింది. దాని ప్రకారం విద్య, వైద్యం, స్థానిక స్వపరిపాలన మంత్రుల చేతికి వచ్చాయి. ఆర్థికశాఖ మాత్రం గవర్నరు కార్యనిర్వాహక వర్గం చేతిలోనే ఉండిపోయింది. బడి కట్టాలన్నా, ఆసుపత్రి తెరవాలన్నా మంత్రి డబ్బు కోసం ఆ వర్గాన్ని అడగవలసిందే. 1920 డిసెంబరులో స్థానిక స్వపరిపాలన మంత్రి అయిన రామారాయణింగారు, 1921 జూలైలో ముఖ్యమంత్రి పదవి చేపట్టారు.

ఆ రోజుల్లో మరొక చిక్కు కూడ ఉండేది. కస్టమ్సు, ఆదాయపు పన్ను, ఉప్పు పన్ను కేంద్రానికి చెందాయి. భూమిశిస్తు, ఆబ్కారీ రాష్ట్రాలకు దక్కాయి. కేంద్రానికి పడిన లోటు తీర్చడానికి రాష్ట్రాలు ఏటా 983 లక్షల రూపాయలు చెల్లించాలని మెస్టన్ సంఘం 1920లో నిర్ణయించింది. అందులో మద్రాసు వంతు 348 లక్షలు. అంటే మూడవ వంతుకు మించిన భారం! భూమిశిస్తు రాబడి ఎక్కువగా ఉండడమే ఇందుకు కారణం. రైతులు కట్టిన శిస్తు బడులకు, బాటలకు, మంచినీటికి ఉపయోగపడక ఢిల్లీకి తరలిపోవడం న్యాయమా అని మద్రాసు ప్రభుత్వమూ శాసనమండలీ గట్టిగా నిరసించాయి.

చేతిలో ధనం తక్కువైనా పానగల్లు రాజా వెనుదీయలేదు. దేవాలయాల ఆదాయం సద్వినియోగం కావడానికి దేవాదాయ చట్టం తెచ్చారు. 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల వెలసింది. ఆయన ప్రభుత్వ కాలంలోనే, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ సంవత్సరం డిసెంబరులో ఆయన పదవి నుండి వైదొలగారు.

కేంద్రానికి చెల్లించే ఆ మొత్తం 1925 నుండి క్రమంగా తగ్గి, 1928 నాటికి పూర్తిగా రద్దయింది. అదే సంవత్సరం డిసెంబరు 16న పానగల్లు రాజా కన్నుమూశారు.

స్వాతంత్ర్యం వచ్చాక మన రాజ్యాంగం కేంద్ర రాష్ట్రాల మధ్య పన్నుల పంపకాన్ని సూచించే బాధ్యతను ఆర్థిక సంఘానికి అప్పగించింది. మొదటి సంఘం 1951లో ఏర్పడింది. ప్రజలకు సేవ చేయవలసిన వారి చేతిలో అందుకు తగిన ధనం కూడ ఉండాలి. పానగల్లు రాజా పాలనాకాలం మనకు నేర్పే పాఠం ఇదే.